పలక మీద నాలుగు పేర్లు

బెంగుళూరులో రెండు రాత్రులు ఎక్కడ దిగాలో
పలక మీద రాస్తున్నా.
మార్కాపురంలో కాగితం దొరక్కపోవచ్చు గానీ
పలక దొరకదా?
చెక్కు ఊడిన రెండో రకం పలక, సుద్దముక్క.
ప్రశాంతి బండికి ఇంకా ఐదు రోజులుంది.

చెన్నకేశవులు ఫోన్లో చూసి పేర్లు చదువుతున్నాడు.
"స్టేషన్‌కి దగ్గరమ్మా, తొమ్మిదొందలే."
లిఫ్టుందా?
లేదు.
తుడిచేశా.
నా సంచిలో చీరలు రెండు, శాంపిళ్లు పదిహేడు,
తూకం ఇరవైరెండు కిలోలు.
మూడో అంతస్తుకి రాయి మోసే వయసు
గుంతలోనే అయిపోయింది నాకు.

రెండోదానికి నేనే ఫోన్ చేశా.
"ఎంతమంది మేడం?"
ఒక్కదాన్నే.
"సార్ రారా?"
సార్ ఎందుకు? రాయి సంగతి తెలిసింది నాకు.
పక్కనెవరితోనో గొణిగాడు,
కంపెనీ లెటరుందా అన్నాడు, వచ్చే పనేంటన్నాడు.
ఆ పేరుకి తడిగుడ్డ కూడా దండగ,
అరచేత్తో చెరిపేశా.

మూడోది సుబ్బరత్తమ్మకు నచ్చింది.
పాలిష్ చేతులు కొంగుకి తుడుచుకుని
ఫోను గుంజుకుని, తెల్ల తొట్టి బొమ్మ చూసి
"ఏందక్కా, గొడ్లకు కుడితి పోసేదా?" అంది.
మనిషి పడుకుని స్నానం చేసేదంట.
"ఎన్ని బిందెలు పడతయ్యో!"
పదిహేను, అన్నాడు కేశవులు, లెక్కేసి.
నాలుగు రోజులకొకసారి ట్యాంకరొచ్చే వీధిలో
ముగ్గురం కాసేపు మాట్లాడలేదు.
గుడ్డ తడిపి తుడిస్తే
ఆ పేరున్న చోటు నల్లగా మెరిసి, ఆరింది.

"ఇది వద్దులేమ్మా, ఊరికే చూడండి.
మూడువేల నాలుగొందలు."
అడుగు ముప్పై ఎనిమిది లెక్కన
దగ్గర దగ్గర తొంభై అడుగుల రాయి.
ఒక్క నిద్రకి.
రాయను కూడా రాయబోలేదు. అప్పుడు చూశా,
బల్ల వెనక గోడ.

పెద్దది చెయ్యరా. ఇంకా.
బల్ల దగ్గర నవ్వే పిల్ల మొహం చెదిరింది,
పూలకుండీ చెదిరింది,
రాయి చెదరలేదు.
బూడిదలో తుప్పు చార, పక్కనే సన్నగా ఆకుపచ్చ,
మళ్లీ తుప్పు.
ఆ వరస మా గుంతలో పోయినేడు వానలకు ముందు
ఇరవై రోజులు తగిలి పోయిన పొర.
ఉలి దెబ్బకి పుస్తకంలా విచ్చుకుంటే
"బీమ్మా, ఇటు రా, చూడు" అని మౌలాలి కేకేశాడు.
లోడంతా ఏజెంటు పట్టుకెళ్లాడు,
రంగు తప్పింది, అడుక్కి నాలుగు తగ్గించుకో అని.

రంగు తప్పిన రాయి
నెత్తిన లైట్లు పెట్టించుకుని నిలబడుంది.
కింద రాశారంట, కేశవులు చదివాడు:
ఇటలీ నుంచి తెప్పించిన గోడ.

సుబ్బరత్తమ్మ నవ్వి నవ్వి దగ్గింది.
నాకు మాత్రం నవ్వు రాలేదు,
లెక్క వచ్చింది.

ఫోన్ చేశా. ఒక పిల్ల ఎత్తింది, హిందీలో లాగించా.
కిటికీ రోడ్డువైపా, వెనకవైపా,
టిఫిను కలిపేనా, అడుగుతూనే ఉంది.
ఏదైనా సరేనమ్మా.
మీ మేనేజరు పొద్దున ఎన్నింటికి వస్తాడు?
ఆ గోడకి బిల్లు కట్టింది ఆయనేనా?

"తొంభై అడుగులు పోతయ్ గదక్కా!"
పోనీ. ఒక్క రాత్రే.
రెండో రాత్రి ఆ తొమ్మిదొందలదాంట్లో ఉంటా,
మెట్లెక్కుతా,
అప్పటికి సంచి తేలికైతే.

పలక మీద నాలుగో పేరు రాసి
గోడకు ఆనించా, ఎవరూ తుడవొద్దని చెప్పి.
పెరట్లో ముక్కల కుప్ప తిరగేస్తే
చీకటి పడేవేళకి దొరికింది,
తుప్పు చార మధ్యకి విరిగిన బెత్తెడు ముక్క.
శాంపిళ్లలో కలపలేదు దాన్ని.
చేతిసంచిలో వేసుకున్నా, దువ్వెన పక్కన.